అడుగుకు అంగుళం

దస్తగిరి మేస్త్రీ మిద్దె మీద
మూడు వానాకాలాలు పోయినాయి.
వానలు కాదు, కాలాలే.
డాల్డా డబ్బాలు, పాత ఇత్తడి కొళాయిలు, సైకిల్ చువ్వలు
కోసి, అరగదీసి, అతికించి
గుంతకల్లు యార్డులో గూడ్సు తోసిన ఆ నల్లదాన్ని
మళ్లీ నిలబెట్టినాడు.
"అడుగుకు అంగుళం, మద్దమ్మా.
రివిటు ఒకటి తక్కువ లేదు. సూసి చెప్పు."

నన్నెందుకు అడగాల?
షెడ్డులో పనిచేసినోళ్లు ఇంకా ఉండారు గదా.
"వాళ్లు పైనుంచి సూసినారు.
నువ్వు కింద నుంచి."

నిజమే.
నేనూ మాయమ్మ సుంకమ్మా
పట్టాల నడుమ బూడిద గెలికి
సగం కాలిన బొగ్గు ఏరేవాళ్లం.
మెయిలు లాగే పెద్ద ఇంజన్లు
వెనకాల నీళ్లబండి తగిలించుకొని
మద్రాసుకో బొంబాయికో పోతాయి, మన పక్క సూడవు.
ఇది అట్ల కాదు.
విలాయతిలో పుట్టిందంట, ఇత్తడి పలక మీద రాసింటారు.
నీళ్లు రెండు డొక్కల మీద మోసుకొని
నిండు చూలాలు నడిచినట్ల
పత్తి బేళ్లు, బేతంచెర్ల బండలు, శెనక్కాయ మూటలు
ఈ లైను నుంచి ఆ లైనుకు.
పొద్దంతా నడిచినా ఊరు దాటదు.
మాయమ్మ లెక్కనే.

సుట్టూ తిరిగి సూసినా.
చిమ్నీ సరే. ఆరు చక్రాలూ సరే.
"ఎడమ తొట్టి కింద
రంగు పోయిన సోటు ఏది మేస్త్రీ?"

"అట్లాంటిది కొలతల కాయితంలో లేదే."

కాయితంలో ఎట్ల ఉంటాది?
బావులెండిన యేడు
బూడిద గుంత కాడ బండి ఆపి
డ్రైవర్ ప్రకాశం ఆ కొళాయి తిప్పి
అటు తిరిగి బీడీ ముట్టించుకునేవాడు.
బీడీ అయిపోయేలోగా ఎన్ని బిందెలైతే అన్ని.
తుప్పు వాసన, నూనె వాసన.
మా తమ్ముడికి గంజి ఆ నీళ్లతోనే.
బిందెలు రాసుకొని రాసుకొని
ఇనుము తెల్లగా తేలింది ఆడ.

మేస్త్రీ మాట్లాడలేదు.
గరుకు కాయితం ముక్క నా చేతిలో పెట్టినాడు.
ఎంతమేర రుద్దాల?
బిందె నడుమంత. అంటే, నా బొటనవేలంత.

"ఇంక నీళ్లు పోద్దాం" అన్నాడు.
పన్నెండు వందల గ్యాలన్లు.
పొడుగు తగ్గె, వెడల్పు తగ్గె, లోతు తగ్గె;
పన్నెండుతో మూడుసార్లు భాగిస్తే
మూడు లీటర్లు, పైన ఒక గలాసు.
కింద నుంచి హుసేన్‌బీ:
"కొళాయి వచ్చి ఎనిమిది దినాలైంది,
ఆటబొమ్మకు నీళ్లా?"
అయినా చెంబుతో తెచ్చింది, మెట్టుమెట్టుకూ తిడతా.

పోసినాం.
ఎడమ పక్క అతుకులో, సరిగ్గా నేను రుద్దిన కాడ,
తడి చేరి, ఊగి, రాలింది.
ఇనుమంతా పన్నెండో వంతైంది గానీ
చుక్క మాత్రం అప్పటంతే ఉంది.

మేస్త్రీ మైనం కోసం వెతుకుతాంటే
హుసేన్‌బీ అనింది,
"ఉండనీ. కింద చెంబు పెట్టు."