చేతులు ఆగిన చోటు

నీ శాంపిల్ ఎంత, అని అడిగినాడు మా సార్.
నూటా నాలుగు ఎపిసోడ్లు, అన్నాను.
అనంతపురం ఎండల్లో, తిరిగీ తిరగని హాస్టల్ ఫ్యాను కింద
ఇయర్‌ఫోన్లు కుక్కుకోని
నూటా నాలుగు సార్లు ఒకే అత్త
ఒకే గుమ్మం కాడ వెనక్కి తిరగడం చూసినాను.

తిరగడానికి పదకొండు సెకన్లు.
ముందు కళ్ళు, తర్వాత ముక్కుపుడక, మళ్ళీ కళ్ళు.
మూడు ఉరుములు.
ఆ ఊర్లో ఉరుములకు కరువు లేదు.

పట్టికలో గడులు గీసుకున్నాను:
చెంపదెబ్బలు, చాటుగా విన్న మాటలు,
పాలగ్లాసులో కలిపిన పొడి.
ఏడుపుకు రెండు గడులు,
పైకి వినపడేది, వినపడనిది.
"కత చూస్తాండావా, కిరాణా పద్దు రాస్తాండావా?"
పక్కమంచం సాలెహా నవ్వింది.

ఫీల్డు వర్కుకని ఉరవకొండ బస్సెక్కి
కూడేరులో దిగినాను. విత్తనాల కాలం.
పెన్నక్క వసారాలో టీవీ,
టీవీ ముందర చెనిక్కాయల కుప్ప,
కుప్ప చుట్టూ ఏడుమంది ఆడోళ్ళు.

ప్రశ్నల కాగితం తీసి మొదటిది చదివినాను:
మీరు రోజుకు ఎన్ని గంటలు సీరియల్ చూస్తారు?

"చూసేదెక్కడ మే," అనింది సుంకులమ్మ తలెత్తకుండానే.
"వింటాం. కండ్లు కాయల మింద లేకుంటే
పప్పు బద్దయిపోతాది.
బద్దకు మొలకొస్తాదా?
గంటలు తెల్దు. సీరియల్‌కు రెండు సేర్లు.
ఆ దొంగ మొగుడుండే దానికైతే సేరున్నర.
వాన్ని తిట్టల్ల గదా, టైము పోతాది."

అత్త చీర పచ్చదో ఎర్రదో
ఒక్కరూ చెప్పలేకపోయినారు.
దగ్గును బట్టి మామ,
గాజుల చప్పుడును బట్టి ఆడబిడ్డ.
నేను నూటా నాలుగు సార్లు కొలిచిన ముక్కుపుడక
ఈ వసారాలోకి రానే లేదు.

కాగితం మడిచి, చాటెడు కాయలు ముందరేసుకున్నాను.
పది కాయలకే బొటనవేలు మండింది.
పెన్నక్క తన వేలికున్న గుడ్డపీలిక విప్పి
ఏం మాట్లాడకుండా నాకు చుట్టింది.

టప్. టప్. టప్.
చెంపదెబ్బ పడింది, వొలుస్తానే ఉండారు.
పాలల్లో పొడి కలిసింది, వొలుస్తానే ఉండారు.
ఉరుము, ఉరుము, ఉరుము.
ఓబులక్క ఆవులించింది.

ఆ తర్వాత, ఏమీ జరగని ఒక చోట,
ఇంట్లో అందరూ తిని లేచినాక
కోడలు గిన్నె అడుగును గరిటెతో గీకింది.
మాట లేదు, మ్యూజిక్ లేదు,
ఎడిటర్ కోయడం మర్చిపోయినాడేమో,
నాలుగే సెకన్లు.

ఏడు జతల చేతులు ఆగినాయి.

ఎవరూ తెర వైపు చూడలేదు.
ఒకరి మొగం ఒకరూ చూసుకోలేదు.
పొట్టు మీద కోడిపిల్ల నడుస్తాంటే
దాని కాళ్ళ చప్పుడు వినపడింది.

అంతలో యాడ్. సబ్బు పట్టుకోని ఎవరో నవ్వినారు.
"కానీండి మే, పొద్దుబోతాంది," అనింది సుంకులమ్మ.
టప్. టప్.

రేపు సార్ అడుగుతాడు,
ఆ నాలుగు సెకన్లు ఏ గడిలో వేసినావని.
గరిటెకు నేను గడి గీసుకోలేదు.

రాత్రి అదే ఎపిసోడ్ పెట్టి
ల్యాప్‌టాప్ మీద దుప్పటి కప్పి విన్నాను.
బొటనవేలు ఇంకా మండుతాంది.
గిన్నె గీకే చోటుకు వచ్చి పాజ్ నొక్కినాను.
చప్పుడు ఆగలేదు.
కింద మెస్సులో, అందరూ తిన్నాక,
వంటామె మారెక్క
గుండిగలోకి సగం వొంగి గీకుతా ఉంది.