పంజా

నిమిషానికి డెబ్బై రెండు పదాలు.
స్టాప్‌వాచ్ నొక్కి నేనే చార్టు మీద రాసిన.
కొత్తవాడ సర్కారు బడి, నాలుగో తరగతి,
కిటికీ పక్క బాసాని నిహాల్.
వాడు చదివితే నల్లా తిప్పినట్టుంటది.
ఒత్తు జారదు, దీర్ఘం మింగడు.
"ఓడ రేవు చేరింది. నావికులు లంగరు వేశారు."
శభాష్ అని
ఊరికే అడిగిన: లంగరంటే ఏందిరా?
నల్లా బందైంది.
కాసేపు నా మొహం చదివిండు,
జవాబు అక్కడ గూడ అచ్చు కాలే.
"చదివిన గద మేడం!"

చదివిండు. వాని తప్పేం లేదు.
ఇరవై ఏండ్ల సంది నేను చేసిందదే,
గోడకు తలుపులు బిగించుకుంట పోవుడు,
తలుపెనక అర్ర ఉన్నదా లేదా
తొంగి సూడకపోవుడు.

చార్టుల అందరికన్న కింద చిలువేరు కుందన.
నిమిషానికి పందొమ్మిది.
"పులి... పం... జా..." కాడ ఆగింది.
వేలు అక్షరం మీదనే ఉన్నది,
కండ్లే ఎటో పోయినయి.
"మేడం, పులికి పంజా ఎందుకు?
అది గూడ జంపఖానా నేస్తదా?"

క్లాసంత విరగబడి నవ్వింది.
దాచుడెందుకు, నేను గూడ నవ్విన.
పిల్ల పుస్తకం మూసింది.
చప్పుడు చిన్నదే.

ఆ పొద్దుమీకి గేటుకు తాళమేసి
నాలుగు గల్లీలు తిరిగిన.
మగ్గం గుంటల కాళ్ళు దించి వాళ్ళ తాత,
చేతిల ఇనుప వేళ్ళది ఒకటి.
దన్, దన్,
పేకను పడుగుల కూరుతున్నడు.
"దీన్నేమంటరు తాతా?"
"పంజా బిడ్డా. పంతులమ్మవు, నీకెర్క లేదా?"

ఎర్క లేదు.
ఇరవై ఏండ్లు ఈ వాడల జీతం తీసుకున్న,
ఈయన నేసిన జంపఖానా మీదనే
పిల్లలను కూసోబెట్టి
అ ఆలు దిద్దిచ్చిన.
ఎర్క లేదు.

తెల్లారి బల్ల మీద ఒక పత్తికాయ,
ఒక కండె, అడిగి తెచ్చిన పంజా.
నెల రోజులు మేం పత్తి ఇడిసిపెట్టలే.
ఎనుమాములల తేమ ఎక్కువుందని ధర కోస్తరని
హమాలీ కొడుకు ఇమ్రాన్ చెప్పిండు,
"తేమ" బోర్డెక్కింది.
మిల్లు సైరన్ కూస్తెనే పొయ్యి ముట్టిచ్చేదట
శ్రీజ నానమ్మ,
"సైరన్" ఎక్కింది, "షిఫ్టు" ఎంబడి వచ్చింది.
గింజ, బేలు, ఆసు, అద్దకం.
ఒక్క పోగు గుంజితే
ఇంకెక్కడో ఇంకోటి కదిలేది.
చదువుమంటే చదివిన్లు గనీ
మునుపటి లెక్క గాదు,
ఎరుకున్న ఇంట్లకు పోయినట్టు.

బేళ్ళ లారీ ఎటు పోతదన్నరు.
రేవుకు. ఆడికెంచి?
ఓడ మీద, సముద్రంల.
"సముద్రమంటే ఎన్ని పాకాల చెరువులు మేడం?"
ఆ లెక్క నాకు గూడ రాలే.
ఫోన్ల లంగరు బొమ్మ తీసి చూపిన,
ఇనుప కొక్కేలు, వంకర.
ముప్పై తలకాయలు ఒక్కకాడ గుమిగూడినయి.
ఎవ్వరు మాట్లాడకముందే కుందన అన్నది:
"ఓడ గూడ పంజా కొడతదన్నట్టు!
నేలను గట్టిగ పట్టుకునేతందుకు."

నిహాల్ దాని దిక్కు తిరిగిండు.
ఈసారి ఎవ్వరు నవ్వలే.

మొన్న పైనుంచి సారొచ్చి
మళ్ళ స్టాప్‌వాచ్ నొక్కిండు.
కుందన ముప్పై ఒకటి.
"ఇంక పెరగాలమ్మా" అన్నడు.
ఓడ పంజా రాసేతందుకు
ఆయన ఫారంల గడి లేదు.
నిహాల్ తగ్గిండు, అరవై ఒకటి.
ఎందుకు తగ్గిండని అడిగితే
ఏం చెప్పాల్నో తోచక చేతులు కట్టుకొని నిలవడ్డ.
వాడు నడుమల నడుమల ఆగుతున్నడు సార్,
ఆగి
అడుగుతున్నడు.