తెల్లెంట్రుక

పరకాల బస్టాండు వెనక
మా నాయిన పెట్టిన కొట్టు.
కుర్చీ ఒక్కటే, అద్దాలు రెండు.
ముంగటిది మొఖానికి,
వెనకది మనిషి తనకు తానుగ చూడలేని మెడకు.

అప్పుడప్పుడు వస్తరు లెక్కలు రాసుకునేటోళ్లు,
చేతుల ట్యాబు, మెడల కార్డు.
అరవై దాటిన మొగోళ్లు ఇంట్ల ఎందరని
గడప గడపకు అడుగుతరు.
నన్నెవ్వలూ అడగలే.
నేల ఊడ్సేటోనికి తెల్వదా
ఏ రంగు ఎంత రాలుతున్నదో!

నలుపే.
పొద్దుందాక ఊడిస్తే చాటెడు నలుపు.
అండ్ల తెలుపు
బియ్యంల మెరిగెలంత.

నలభై రాంగనే రంగెయ్యమంటరు.
పాకిట్ చింపి గిన్నెల కలిపి
పాత పండ్లబ్రష్షుతోని
చెవులకు అంటకుండ పూస్త.
"ముసలోడివైతున్నవ్ అంటున్నది సారన్నా, మా ఇంటామె"
అని నవ్విండు గౌండ్ల మొగిలి.
కాలే.
ఆ రంగు దిగకముందే మోకు తెగింది.
తాడిచెట్టు గంత పొడుగుంటదని
ఆనాడే తలెత్తి చూసిన.

రాని చుట్టానికి భయపడి
తలుపేసుకున్నట్టు,
ఇన్నేండ్లు నేనేసిన రంగంత గదే.
వాళ్లల్ల చానమందికి
ముసలితనం గల్లీ మలుపు దాక గూడ రాలే.
నేను మాత్రం
తలకు యాభై తీసుకున్న.

ఉద్దెర బుక్కుంది నాకు, దారంతోని కుట్టింది.
రాజలింగు పేరు మీద ఎనభై రూపాలు.
పత్తి చేన్ల పడిపోయిండు, నలభై మూడేండ్లకు,
మందు డబ్బ పక్కన.
నెల తిరగకముందే కనకవ్వ వచ్చింది,
కొట్ల అడుగువెట్టలే, మెట్టు కాడ్నే నిలబడి
కొంగు ముడి ఇప్పి ఎనభై లెక్కవెట్టింది.
వద్దంటే ఇనలే.
బ్యాంకుది ఆమెతోని కాదు,
షావుకారిది ఆమెతోని కాదు.
తీరేది నాదొక్కటే దొరికింది.

పదోదినం బాయికాడ
వాళ్ల పిలగానికి గుండు చేసింది నేనే.
పన్నెండేండ్ల తల, కత్తికి పని తక్కువ.
కన్నీళ్లు కావు, నీళ్లు కండ్లల్ల పడుతున్నయని
తల ఇటు అటు తిప్పిండు.
వాని నాయిన పుట్టెంట్రుకలు
తీసింది మా నాయిన.
గీ కుర్చీలనే, పలక అడ్డం పెట్టి కూసోబెట్టి.

పింఛన్ల దినం
పోస్టాఫీసు కాడి వరుస నా కొట్టు దాక వస్తది.
అంత ఆడోళ్లే.
వేళ్లు అరిగి మిషన్ల ముద్ర పడనోళ్లు,
బొటనేలు కొంగుకు తుడిసి తుడిసి
మళ్ల పెట్టేటోళ్లు.
నీడ కోసం నా గోడకు ఒరుగుతరు.
లోపల కుర్చీ ఖాళీగ ఉంటది.
వాళ్ల మొగోళ్ల మెడలన్ని నాకు ఎరుకే.
ఎవలికి ఎక్కడ పుట్టుమచ్చ,
ఎవలికి సుడి రెండు.

గా వరుసల ఒక్కడే ఓదేలు.
డెబ్బయ్యారేండ్లు.
పత్తి మార్కెట్ల హమాలీ చేసిన వీపు
ఇంక గూడ బోరం మోస్తున్నట్టే వంగి ఉంటది.
పైసలు దొరికినంక సక్కగ నా దగ్గరికొస్తడు.
రంగు అడగడు.
"గింత తెలుపుకు ఎన్నేండ్ల కూలి పడ్డదో నీకేమెరుక,
దాస్తనా?" అంటడు.

గడ్డానికి సబ్బు రాసుకుంట అడిగిన,
ఏం తిన్నవే, ఏం తాగినవే,
నువ్వెట్ల మిగిలినవే అని.
జరసేపు అద్దంల నన్నే చూసిండు.
"నేనేం చెయ్యలేరా.
బోరం అటు పడ్డది.
ఇటు పడలే.
గంతే."

మళ్ల ఆయనే అడిగిండు,
"నీకెన్నేండ్లు?"
యాభై ఎనిమిదన్న.
ఊఁ అన్నడు.
ఇంకేమనలే.
ఫ్యాను తిరుగుతున్నది, వరంగల్ బస్సు కండక్టరు
ఒక్కటే ఒర్రుతున్నడు, ఎక్కుండ్రి ఎక్కుండ్రి అని.

కొత్త బ్లేడు ఇరిసి పెట్టిన.
గొంతు కాడ తోలు సాగిపోయి
మడతలు మడతలుగ ఉన్నది.
వేలితోని గుంజి పట్టాలె,
లేకుంటే తెగుతది.
నడివయసు మెడలకు అలవాటైన చెయ్యి,
గీ పని మర్శిపోయింది.

"తల పైకెత్తు కాకా" అన్న.
ఎత్తిండు.