స్లీపులో పెట్టిన వాక్యం

కోటవీధి చివర నా డీటీపీ కొట్టు.
మధ్యాహ్నం మూడింటికే ట్యూబులైటు కావాలి.
పోర్టు నుంచి వచ్చే బొగ్గుపొడి
కీబోర్డు మీద రోజుకో పొర పరుస్తుంది,
రోజూ పాత బనీను గుడ్డతో తుడిచేస్తాను.
'శు' పడే మీట మాత్రం తుడవక్కర్లేదు,
మా వీధిలో శుభలేఖలే ఎక్కువ.

కరెంటు బిల్లు కమర్షియల్.
మీటరులో ఎర్రచుక్క
నన్ను చూసి కన్నుకొడుతూనే ఉంటుంది.
అందుకే బేరం లేని పది నిమిషాలకీ
కంప్యూటర్ని పడుకోబెడతాను.
ఉయ్యాల్లో చంటిపిల్ల నిద్ర కాదది.
స్టీలుప్లాంటులో సి షిఫ్టు చేసొచ్చి
పగలు పడుకునే మా ఆయన నిద్ర:
ఒళ్లు చల్లబడుతుంది, మొహం నల్లబడుతుంది,
చెవి మాత్రం మేలుకునే ఉంటుంది.
గొళ్లెం కదిలితే చాలు
"ఎవరూ?" అంటాడు, కళ్లు తెరవకుండా.

మొన్న రాత్రి తొమ్మిదిన్నరకి,
షట్టరు సగం దించాక,
కొర్లయ్య వంగి లోపలికొచ్చాడు.
పోర్టులో కళాసీగా రిటైరు.
కుడి బొటనవేలికి గోరు లేదు.
"అర్జీ ఉందమ్మా, పింఛను ఆఫీసుకి.
బేగి అయిపోద్ది. నాలుగే ముక్కలు."

గౌరవనీయులైన అధికారి గారికి, అని కొట్టాను.
అయ్యా, అని కొట్టాను.
పింఛను నంబరు చీటీ చూడకుండా చెప్పాడు,
పన్నెండంకెలూ.
"నా భార్య పోలమ్మ
గత నెల ఇరవయ్యో తారీకు
తెల్లవారుజామున"

అంతే.

మన భాషలో క్రియ చివర్న కదా వస్తుంది.
పేరొచ్చేసింది, నెలొచ్చేసింది,
ఏ వేళో కూడా వచ్చేసింది.
జెట్టీ మీద లాంచీ తప్పిపోయిన మనిషిలా
కర్సరు అక్కడే నిలబడింది.
కొర్లయ్య గోడ మీద క్యాలెండరు చూశాడు,
శాంపిలు శుభలేఖలు చూశాడు, ఒకటి ముట్టుకున్నాడు.
"రేపొస్తానమ్మా."

సేవ్ చేద్దామని నొక్కితే
పేరడిగింది.
ఏం పేరు పెట్టను?
అర్జీ అందామంటే అదింకా ఏమీ అడగలేదు.
పోలమ్మ అని కొట్టి, చెరిపేశాను.

షట్‌డౌన్ చేస్తే పొదుపు.
మెయిన్ కట్టేసి వస్తే ఇంకా పొదుపు,
మా ఆయన రోజూ చెప్పేదదే.
ఆ రాత్రి నేను చందమామ బొమ్మ నొక్కాను.
ఫ్యాను ఆగింది. పెట్టె ముందు చిన్న పసుపు దీపం
మెల్లగా వెలిగి, మెల్లగా ఆరి.
వీధి చివరికొచ్చి చూస్తే
యారాడ కొండ మీద లైట్‌హౌసుదీ అదే వరస.
ఒక్కసారైనా రెండూ కలుస్తాయేమోనని
అటూ ఇటూ చూస్తూ నిలబడ్డాను.
కలవలేదు. షట్టరు దించేశాను.

రెండింటికి ఉరిమింది.
మేడ మీది బట్టల కోసం కాదు నేను లేచింది.
కరెంటు పోతే ఆ పెట్టెకి ఏదీ గుర్తుండదు,
యూపీఎస్ బ్యాటరీ నాకంటే నీరసంగా ఉంది.
కిటికీలోంచి వీధిదీపాన్నే చూస్తూ కూచున్నాను.
ఆ నాలుగు ముక్కలూ నాకు నోటికొచ్చు,
పోతే మళ్లీ కొట్టుకోవచ్చు.
అయినా కూచున్నాను.

పొద్దున్న స్పేస్‌బారు తట్టాను.
ఊపిరి పీల్చుకుంది.
మూలనున్న గడియారం తొమ్మిది నలభై నుంచి
ఏడు పన్నెండుకి ఒక్క గెంతు గెంతింది.
తెల్లవారుజామున, పక్కన కర్సరు.

కొర్లయ్య గడ్డం గీసుకొని వచ్చాడు.
"అలాగే ఉంచీసినావేటి?"
"పడుకోబెట్టాను."
"రాత్రంతా కరెంటు కాలీసుంటాది."
"జీరో బల్బంత కూడా కాదు. పావలా అవదు."
ఆ పావలా గురించి కాసేపు ఆలోచించాడు.
తర్వాత, తెర వైపు చూడకుండా,
"ఎల్లిపోనాది, అని రాయమ్మా."

ఆఫీసులో ఆ మాట ఒప్పుకోరు.
మరణించినందున, అని కొట్టాను.
చదివి వినిపించమని అతనడగలేదు.

కాగితం మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.
అర్జీకి ఇరవై ఇచ్చాడు.
పక్కన ఇంకో ఐదు రూపాయల బిళ్ల.
"ఇది దానికి," అని గడ్డంతో పెట్టెని చూపించాడు.
పావలాకి ఐదేమిటని అనాల్సింది.
చిల్లర లేదన్నాను.