పిండిగొడుగు

సెప్టెంబరు. గురువారం. ఎంగడీన్ లోయలో
ఫైరింజన్ని బయటికి తోసి
ఆ ఖాళీలో నా బల్ల వేస్తారు.
పాత వార్తాపత్రిక, చిన్న కత్తి, భూతద్దం,
ఎర్రమూత చెత్తడబ్బా.
అడవి దిగిన ప్రతి బుట్టా
పొయ్యి చూసేముందు నన్ను చూడాలి.

తుమాష్ ఎప్పుడూ ఆఖర్న వస్తాడు.
నలభై ఏళ్లు ఈ లోయకి రొట్టె కాల్చినవాడు.
"అన్నీ పిండిగొడుగులే, మెంగియా. చీటీ రాసెయ్."

రాయను. ఒక్కొక్కటీ తిరగేస్తాను.
టోపీ మీద వేలు: మేకతోలు చేతితొడుగంత మెత్తన.
కిందికి తిప్పితే, కాడమీదికి జారే రేకులు,
ముదిరినవాటికి లేత గులాబీ.
విరిస్తే సుద్దముక్కలా పుటుక్కు.
ఆ తర్వాత ముక్కు. అన్నిటికన్నా ముక్కు:
తడిపి, గుడ్డ కప్పి, మరిచిపోయిన పిండి.

పదకొండోది విరగలేదు.
వంగింది, నారలా.
టోపీ మీద అద్దంపై ఊదిన ఊపిరి లాంటి నూగు.
వయసొచ్చినా రంగెక్కని రేకులు.
వాసనా? కుండీలో మాగిన పూలనీళ్ల తీపి.
చంపే తీపి.

"చూడు" అని అందించాను.
కళ్లు మూసుకుని మరీ చూశాడు.
"పిండి" అన్నాడు,
ఒక్క క్షణం ఆలస్యంగా.

చేతిగుడ్డ అందించాను. పొద్దున్నే డీజిల్ తుడిచింది.
"పిండి" అనబోయి, గుడ్డని చూసి, నవ్వేశాడు.

"ఎప్పట్నుంచి?"
"చలికాలం జ్వరం తర్వాత.
ఇంట్లో తెలీదు. రొట్టె మాడితే
ఆవిడ కేకని బట్టి పరిగెడతా."

ఒక్కటి దొరికితే బుట్టంతా పోవాలి, అది నియమం.
నేను చెప్పకముందే డబ్బా మూత ఎత్తాడు.
బుట్ట బోర్లించి, అడుగున అంటుకున్న ఆకుల్ని
గోటితో గీకాడు, రొట్టె పళ్లెం గీకినట్టే.

ఒక్కటి బల్లమీద మిగిలింది, మంచిదే,
నేను విరిచిన మొదటిది.
"అదెలా ఉందో చెప్పు" అన్నాడు.

పిండి అంటే ఏం చెప్పినట్టు?
పద్నాలుగో ఏట ఒక వేసవంతా
అతని కొట్లో గిన్నెలు తోమాను. మళ్లీ పీల్చాను.

"రై పిండి. నీళ్లు కాస్త ఎక్కువ.
తొట్టి గోడకి అంటుకున్నది."
"ఉప్పు?"
"ఇంకా పడలేదు."
"అయితే నాలుగవలేదు" అన్నాడు,
చొక్కా చేతులు పైకి మడుస్తూ.