చూ.

కుతాయిసిలో వాన మొదలైతే
మా గ్రంథాలయంలో ముందుగా తడిసేది ఇంటర్నెట్టు.
ఆ మంగళవారం ఎందుకో బతికే ఉంది.

ఇపోలితే గొడుగు మడవకుండానే లోపలికొచ్చాడు.
"మా అమ్మ ఒక వ్యాసం రాసిందట.
మల్బరీ ఆకులో తేమ గురించి.
అచ్చయిందట. నేను చూళ్లేదు."
ఎనభైకి దగ్గరపడ్డ మనిషి
సంతలో చెయ్యి వదిలిన పిల్లాడిలా నిలబడ్డాడు.

పేరు కొట్టాను: జోజువా, ఖ్వారమ్‌జే.
ఫలితాలు సున్నా.
అక్షరాలు సరిచూసుకోమంది తెర.
"అమ్మ పేరు నాకు తెలియదా" అన్నాడు, నాతో కాదు, దాంతోనే.

ఇరవై రెండేళ్లుగా ఈ బల్ల దగ్గర కూర్చున్నదాన్ని,
పేర్లు ఎలా ప్రయాణిస్తాయో కాస్త ఎరుగుదును.
మా లిపిలోంచి రష్యన్‌లోకి, అక్కణ్ణుంచి లాటిన్‌లోకి
రెండు రేవులు దాటేసరికి
జ గొంతులో ఏదో అడ్డం పడుతుంది.
ద్జోద్జువా అని కొట్టాను.

ఒకటి.
బులెటిన్ పన్నెండు, నలభై ఒకటో పుట నుంచి.
పక్కన ఆవగింజంత తాళం బొమ్మ.

మా చందా మార్చితో అయిపోయింది.
బతూమిలో ఎతేరికి ఫోన్ చేశాను.
"ఉంది. కానీ ఈ భవనం దాటకూడదు,
ఒప్పందం. పంపితే నా ఉద్యోగం పోతుంది."
కాసేపు వాన చప్పుడే, రెండు ఊళ్లదీ.
"చదివితే?" అన్నాను.
చదవడం గురించి ఒప్పందంలో ఏమీ లేదు.

అలా నూట యాభై కిలోమీటర్ల అవతల్నుంచి
ఎతేరి పట్టిక చదివింది.
ఉదయం ఆరింటికి కోసిన ఆకు: డెబ్బై ఆరు శాతం.
మధ్యాహ్నం రెండింటికి: డెబ్బై ఒకటి.
మర్నాడు ఆరింటికి. ఆ మర్నాడు ఆరింటికి.
నలభై రోజులు.

ఇపోలితే ఫోన్‌ని చెవికి దగ్గరగా, మరీ దగ్గరగా పట్టుకున్నాడు.
"ఆరింటికి ఇంట్లో ఉండేది కాదు" అన్నాడు.
"ఎక్కడికి పోయేదో మా నాన్న అడిగేవాడు.
నేనూ అడిగాను, ఒకసారి, చెడ్డగా."

చివరి వరస మీద స్కాన్ చేసినవాళ్ల బొటనవేలు పడిందట,
గులాబీ రంగు రబ్బరు తొడుగుతో.
ఆ రోజు తేమ ఎంతో ఎవరికీ తెలియదు.

పేరు సరిచెయ్యమని డేటాబేసు వాళ్లకి రాశాను.
తొంభై పనిదినాలు పడుతుందన్నారు.
ఈలోగా పాత కార్డొకటి వెతికి తీసి
చేత్తోనే రాశాను:
జోజువా, ఖ్వారమ్‌జే. చూ. ద్జోద్జువా.

కార్డుల సొరుగుల్లో ఇప్పుడు టీపొడి, చెంచాలు దాచుకుంటున్నాం.
జ దగ్గర
కాస్త చోటు చేశాను.