న్యూట్రల్

సుంకన్న ఫోను చేసి
"హుసేనప్ప మామా, బోటు ఆగడం మరిచిపోయిండాది" అన్నాడు.
బోట్లు నాకేం తెలుసురా,
జమ్మలమడుగులో ట్రాక్టరు క్లచ్చులూ లూనా బ్రేకులూ
చేసుకుని బతికేవాణ్ణి,
మోకాటి లోతు దాటితే గుండె జారేవాణ్ణి అన్నా.
"తీగే కదా మామా, నీకు తెలియని తీగా?"

తీగే.
కానీ మైలవరం గట్టు మీద
రెండు మొద్దుల పైకి ఎక్కించి చూస్తే
ఇరవై రెండేండ్ల ముసలిది.
గోవాలో ఎవరికో పనిచేసి, కాకినాడలో పేరు మార్చుకుని,
లారీ ఎక్కి మా ఎండలోకి వచ్చింది.
ఇంజను కడుపులో, తోక బయట నీళ్లలో.
రెంటికీ నడుమ
వెనక గోడ చిల్లి గుండా పోయే ఒక్క కేబులు,
నా చిటికెన వేలంత లావు.

లివరు ముందుకు తోస్తే ముందుకు పోతాది.
వెనక్కి లాగితే
అలిగి, కాసేపు ఆలోచించి, వెనక్కి.
నడుమ నిలబెడితే మాత్రం నిలబడదు.
మొన్న ఆదివారం ప్రొద్దుటూరు బంగారంగళ్ల వాళ్లు
పదిమంది ఎక్కినారంట.
రేవు దగ్గర న్యూట్రల్లో పెడితే
వినకుండా పోయి మెట్లను గుద్దింది.
ఎవరికీ ఏం కాలేదు. ఒక చెప్పు నీళ్లలో పడింది.
చెప్పు ధర సుంకన్న జీతంలో కోసినారు.

తోక విప్పడానికే ఒక పగలు.
ఆరు నట్లలో అయిదు వచ్చినాయి.
ఆరోది
డీజిలు తాగింది, సుత్తి దెబ్బలు తినింది,
నా నోట్లో బూతులన్నీ వినింది.
అసర్ నమాజుకు పోయి తిరిగొచ్చి
ఊరకే చెయ్యి పెడితే తిరిగింది.
కొన్ని అంతే.

కొలిమి తిత్తి మాదిరి ముడతల రబ్బరు ఒకటి
కేబులుకు తొడిగిండారు, నీళ్లు రాకుండా.
దాని మడతలో వెంట్రుకంత చీలిక.
అదే దొంగ.
పాత తీగ పండ్లు నూరుకుంటా బయటికొచ్చింది,
వెనకే, ఎండిపోయే బోరు
ఆఖరున కక్కినట్టు, ఎర్రనీళ్లు.
లోపల పంతొమ్మిది ఇనుప పోగులు.
పదకొండు తెగి ముళ్లకంపై
ఒకటి నా బొటనవేట్లో దిగింది.
ఇన్నాళ్లూ ఎనిమిది పోగులే
ఇంజను మాటను తోకకు మోసినాయన్న మాట.

పాతదాన్ని లాగక ముందే
దాని కొనకు నూలుదారం కట్టింటి.
సైకిలంగట్లో ఉస్తాదు బాబయ్య నేర్పిన విద్య.
తీగ బయటికి, దారం లోపలికి.
మద్రాసు నుంచి బస్సు పార్సిల్లో
తొమ్మిది దినాలకు వచ్చిన కొత్తదాన్ని
ఆ దారానికే కట్టి
ఇటు నుంచి మెల్లగా గుంజినా,
ఈనే ఆవు దగ్గర చేసే మాదిరి, తొందర లేకుండా.

ఇత్తడి గుబ్బ ఒక చుట్టు ఎక్కువైతే వెనక్కి పడదు,
ఒక చుట్టు తక్కువైతే ముందుకు.
కాగితాల్లో ఆరంగుళాలని ఉందని
సుంకన్న మేనకోడలు చదివి చెప్పింది.
నాకు జానకు మూడు వేళ్లు తక్కువ.
ఇద్దరి లెక్కా ఒకటే అయ్యేసరికి
ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని మళ్లా కొలిచింది.

పరీక్షకు నన్నూ ఎక్కమన్నారు.
నారింజరంగు కోటు తొడిగి, రెండు నాడాలూ బిగించి,
ఇంకో కోటు ఒళ్లో పెట్టుకుని కూచున్నా.
ముందుకు: టక్.
వెనక్కి: టక్.
నడుమ: ఏమీ లేదు.
ఆ ఏమీ లేకపోవడం కోసమే
ఇన్ని దినాలు.

నడి నీళ్లలో, బోటు మెల్లగా పక్కకు తిరగబట్టింది.
"మామా, ఆగలేదే ఇది?"
ఫ్యాను ఆగింది సూడరా.
గాలిని ఆపే కేబులు నా దగ్గర లేదు.

పాత తీగ ఇప్పుడు అంగడి ముందర
పంక్చరు ట్యూబులు ఆరేసే దండెం.
కూలిలో నాలుగొందలు ఇంకా రావాల.
బొటనవేట్లో పోగుముక్క అట్లనే ఉండాది,
స్పానరు గట్టిగా పట్టినప్పుడు మాత్రం
నేనున్నానంటాది.